లాభం, రెండు, మూడు...

మా పాత పికప్‌ని అమ్మకానికి పెట్టిన మర్నాడే ఎవరో మెసేజ్ పెట్టారు: "రేర్ ఎండ్‌లో ఏముంది?" అని. పప్పు తిరగమోత పెట్టుకుంటున్న మర్యాదస్తురాలిని పట్టుకుని ఇదేం ప్రశ్న అని ఉలిక్కిపడ్డాను. కాసేపటికి వెలిగింది. పాపం ఆయన అడిగింది బండి వెనకభాగం గురించి. వెనక ఇరుసు ఎలాంటిది, దాని గేర్ రేషియో ఎంత అని. "ఫోర్ టెన్" అని తడుముకోకుండా కొట్టాను. "ష్యూరా?" అన్నాడు. పెళ్ళిరోజైనా మర్చిపోతానేమో కానీ ఆ అంకె మర్చిపోను. దాని వెనక, అంటే ఇరుసు వెనక, ఉన్న కథని ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాదు కనక అతనికి "ష్యూర్" అని ఊరుకున్నాను. మీకు చెబుతాను.

అప్పట్లో మేం మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. కారు డ్యాష్‌బోర్డు మీద ఏ లైటు ఎప్పుడు వెలగాలో చెప్పే సాఫ్ట్‌వేర్ రాయడం మా ఆయన పని. ఒకరోజు ఆయన ఉద్యోగానికే లైటు ఆర్పేశారు. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోడానికి గ్రేస్ పీరియడ్ అని అరవై రోజులిస్తారు. పేరులో తప్ప అందులో గ్రేసేమీ ఉండదు. అది కరిగిపోవస్తుండగా ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉద్యోగం దొరికింది. సోమవారం పొద్దున్నే జాయిన్ కావాలి. అది దాటితే గడువూ దాటుతుంది, సర్దిన సామాను ఆర్కన్సాకి బదులు తెనాలికి పోతుంది. ఆ వారాంతానికి అద్దె ట్రక్కులేవీ దొరకలేదు, ఒక ట్రైలర్ మాత్రం దొరికింది. దాన్ని లాగడానికి ఈ ముసలి పికప్. మా ఆయన దాన్ని సరదాకి కొన్నారు. సరదా ఆయనది, సర్దుకోవడం నాది.

ట్రైలర్‌లో ఎంత బరువు వెయ్యొచ్చో వెనక ఇరుసు రేషియోని బట్టి ఉంటుందట. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో, అదే రేషియో. ఆ అంకె పెద్దదైతే బండి బరువు బాగా లాగుతుంది కానీ ఇంజన్ ఎక్కువ అరుస్తుంది. సంసారంలోనూ అంతేలెండి. మామూలుగా అయితే డోర్ దగ్గరి స్టికర్ చూస్తే తెలిసిపోవాలి. కానీ మాకు బండి అమ్మినాయన ఇరుసు మార్పించానన్నాడు, ఏది వేయించాడో గుర్తులేదన్నాడు. రేషియో చెక్కి కొత్త ఇరుసుకి వేలాడదీసే రేకుముక్క ఎక్కడో రాలిపోయింది. ఇక చక్రాలు పైకి లేపి, చేత్తో తిప్పి, లెక్కపెట్టడమొక్కటే దారి.

శుక్రవారం సాయంత్రం గరాజ్‌లో బండి వెనకభాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టారు. ముందు చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టి, గేర్ న్యూట్రల్‌లో వేసి, షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, కింద అట్ట పరుచుకుని పడుకున్నారు. రెండు చక్రాలూ కలిసి ఒకే వైపు తిరగాలని, ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగితే షాఫ్ట్ కదలదని చెప్పారు. కుడి చక్రం దగ్గర, మమ్మల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు. ఎడమ చక్రం దగ్గర నేను. అత్తాకోడళ్ళం ఒకే వైపు తిరగడం మా ఇంటి చరిత్రలో అదే మొదటిసారి. నవ్వు రావాల్సిందే, రాలేదు. అంత ఇనుము పైన, ఇరుసు కింద ఇరుక్కుని ఒక మనిషి.

"పది చుట్లు తిప్పండి. అమ్మా, నువ్వు పైకి లెక్కపెట్టు. షాఫ్ట్ లెక్క నేను చూసుకుంటా" అన్నారు కింద నుంచి.

అత్తగారు ఒక చుట్టు తిప్పి "లాభం" అన్నారు. తర్వాత రెండు, మూడు. ఆరు తర్వాత "ఆరున్నొక్కటి" అన్నారు. ఏడు అంటే ఏడవమన్నట్టుంటుందని ఆవిడ ఆ అంకెని నోట పలకరు. పది దగ్గర ఆగాం.

"ముప్ఫయ్యేడు! చుట్టుకి మూడు పాయింట్ ఏడు. దానికి దగ్గర్లో ఉన్న రకం త్రీ సెవెంటీ త్రీ" అని గొంతు వినిపించింది. మనిషి బయటికొచ్చాకే నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ అంకెకి మేం అనుకున్న బరువు ఎక్కువట. బీరువా దింపేశాం. నా గ్రైండర్ కూడా, రాళ్ళతో సహా, పక్కింటి ఆంటీ ఇంటికి కాపురానికి వెళ్ళిపోయింది.

శనివారం బయల్దేరాం. ఏ స్పీడ్‌లో ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో మా ఆయన ముందే లెక్క కట్టుకున్నారు. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ చుట్లు చూపే ముల్లు ఎప్పుడు చూసినా ఆ లెక్కకి కాస్త పైనే ఉంది. "గేర్‌బాక్స్ జారుతోంది, ఇంజన్ తిరిగినంతా చక్రాలకి అందట్లేదు" అన్నారు ఇండియానాలో. ఇల్లినాయ్‌లో ఏసీ ఆపేశారు, రేడియో ఆపేశారు, ముల్లుని మాత్రం ఆపలేకపోయారు. ఆదివారం మధ్యాహ్నం మిస్సోరిలో ఒక రెస్ట్ ఏరియాలో బండి ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చేశారు. ముందు కొండలు. ఎక్కుతుండగా గేర్‌బాక్స్ పోతే, అంత బరువున్న ట్రైలర్ మమ్మల్ని వెనక్కి లాగుతుంది. చూపించుకుని వెళ్దామంటే ఆదివారం గరాజ్‌లు తెరవరు, సోమవారం తెరిచేసరికి ఉద్యోగం తలుపు మూసుకుంటుంది.

"నేనొక్కణ్ణే అయితే వెళ్ళిపోదును. అమ్మ ఉందే బండిలో" అన్నారు నాతో మెల్లగా.

ఆ అమ్మగారు చెట్టు కింద బల్ల మీద చెక్కల డబ్బా తెరిచారు. "ఏదో ఒకటి తినరా, మొహం పీక్కుపోయింది."

"రెండు చాలమ్మా."

"లాభం, రెండు" అని ప్లేట్‌లో వేశారు.

ఆయన ప్లేట్ వైపు చిరాగ్గా చూశారు. "ఒకటి అనకుండానే రెండెలా అయ్యాయి?"

"లాభం అన్నానుగా. అదేగా ఒకటి."

"లాభం అంటే మొదలెట్టమని కాదా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మా నాన్న ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అననే అనడు. లాభం అంటాడు."

మా ఆయన ఆరో తరగతి నుంచే హాస్టల్లో పెరిగిన మనిషి. లెక్కలన్నీ వచ్చుగానీ ఇంటి లెక్క రాలేదు. నా చేతిలోని చెక్క నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "గరాజ్‌లో మీరు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టారు?" అన్నాను.

"అమ్మ లాభం అన్నాక. అంతకుముందు చక్రాలు సరిచూసుకుంటున్నారనుకున్నా. తర్వాత నా లెక్కలో పడి అమ్మ అంకెలు వినలేదు, పది అనగానే ఆపేశా."

"అప్పటికే ఒక చుట్టు తిప్పేశామండీ!"

ఆయన బల్ల మీద వేలితో రాసుకున్నారు. ముప్ఫయ్యేడుకి, జారిపోయిన చక్రం చుట్టు తాలూకు నాలుగు కలిపితే నలభయ్యొకటి. పది చుట్లకి నలభయ్యొకటంటే ఫోర్ టెన్. లేచి దాదాపు పరిగెత్తుకుంటూ బండి దగ్గరికి వెళ్ళి, పాత లెక్కలన్నీ కొట్టేసి మళ్ళీ కట్టారు. దారి పొడుగునా ముల్లు సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. గేర్‌బాక్స్ జారలేదు, మేమే ఒక చుట్టు జారాం. పైగా మేం అనుకున్నదానికంటే బలమైన ఇరుసు మా కిందే ఉంది. లాభాన్ని లెక్కలో వేసుకోని వ్యాపారులం!

"అయితే గ్రైండర్ తెచ్చుకోవచ్చేది" అన్నాను. ఆ క్షణంలో నాకు తోచిన మొదటి మాట అదే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

అయినా బల్ల మీద నిజం కొండ మీద కూడా నిజం కావాలి కదా. మొదటి ఎత్తు మొదలైంది. ఇంజన్ అరిచింది. ట్రైలర్ వెనక్కి గుంజింది. ముల్లు పైకి పోయి, నిలబడింది. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు, లేదా నేనే పట్టుకున్నానో. ఎత్తు పైకి చేరి రోడ్డు కిందికి వాలుతుంటే ఆవిడ తాపీగా "లాభం" అన్నారు. ఇంకా చాలా కొండలున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. కానీ ఆయన నవ్వారు. మిషిగన్ దాటాక నవ్వడం అదే మొదటిసారి. సోమవారం పొద్దున్న ఇస్త్రీ లేని చొక్కాతో టైముకి ఆఫీసుకి వెళ్ళారు.

బెంటన్‌విల్‌లో మాకిది ఏడో ఏడు. అత్తగారైతే ఫోన్‌లో ఇప్పటికీ "ఆరున్నొక్కటో సంవత్సరం" అనే అంటారు. ఆ మొదటి ఏడాదిలో ఏం జరిగిందని అడిగితే నాకు సరిగ్గా గుర్తులేదు. ఇంకా చక్రాలు సరిచూసుకుంటున్నామనే అనుకున్నాం. మనం లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికే కాలం ఒక చుట్టు తిరిగేసి ఉంటుంది. పెద్దవాళ్ళు దాన్నే లాభం అన్నారు కాబోలు.