రాజు పేరు లేని వీరగల్లు

పక్కింటి గోడకు సున్నం వేస్తున్నారు. తడి కుంచె గోడను తాకే చప్పుడు పొద్దుటి నుంచీ వినబడుతోంది. ఆ చప్పుడుకు నాకు కుప్పం దగ్గరి ఒక చేనూ, తడి కాగితాన్ని రాతిమీద పరిచి కుంచెతో కొడుతున్న ఖాదర్ సారూ గుర్తొచ్చారు. మదనపల్లె కాలేజీలో నాకు చరిత్ర చెప్పింది ఆయనే.

పందొమ్మిది వందల నలభైల మధ్యలో, పుంగనూరు నుంచి మద్రాసు వెళ్లి ఎం.ఏ. చరిత్రలో చేరాను. అక్కడ ఎం.ఏ. చరిత్ర విద్యార్థులకు ఒక సంఘం ఉండేది. అందులో చేరాలంటే సభలో ఒక వ్యాసం చదివి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నేను మా వైపు వీరగల్లుల గురించి, అంటే పశువుల మందను కాపాడుతూ చనిపోయిన వీరుల కోసం నిలిపిన రాళ్ల గురించి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ అయినా పూర్తికాలేదు, కార్యదర్శి నవ్వాడు. "ఇవి అవ్వలు చెప్పే కథలండీ. ఆధారం దొరికితే అప్పుడు రండి" అంటూ నా కాగితాలు మడిచి నా చేతిలో పెట్టాడు. ఇస్త్రీ చేసినట్టు ఆ మడతను బొటనవేలితో రుద్దాడు కూడా.

సెలవులకు వచ్చి సారు దగ్గర అదంతా వెళ్లబోసుకున్నాను. సంఘాధ్యక్షుడికి ఫిర్యాదు రాస్తానన్నాను.

"రాసుకోప్పా. అయ్యో పాపమని చేర్చుకుంటారు. అట్లా చేరతావా?"

"యాల చేరతాను సార్? నాకు హక్కుండాది."

"హక్కు సరే, రుజువు యాడుండాది? నీ నోట్లోనా?"

మర్నాడే నన్ను కుప్పం బస్సెక్కించారు. చేను యజమాని మునెప్ప మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "నిధి కోసమా సాయిబూ? దొరికితే సగం నాది."

"అంతా నువ్వే తీసుకో. మాకు అచ్చరాలు సాలు" అన్నారు సారు.

చేలో ఉన్న వీరగల్లును కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, పైన మసి అద్దితే అక్షరాలు తెల్లగా తేలాయి. వీరుడి పేరుంది, ఊరి పేరుంది. రాజు పేరుండాల్సిన చోట పెచ్చు ఊడిపోయింది. అక్కడ ఎవరి పేరుండేదో నేను ఊహించగలను. ఆ ఒక్క పేరు పడితే కార్యదర్శి నోరు మూతపడుతుంది. పెన్సిలు తీశాను.

సారు నా చెయ్యి పట్టుకున్నారు. "రాతిమీద ఉండేది సెప్పు. లేనిది తెలీదను."

"మళ్లీ నవ్వుతాడు సార్!"

"నవ్వనీలే. నువ్వు మాత్రం గట్టిగా సెప్పు. దొంగ మాదిరి గొణగొద్దు."

మద్రాసులో ఆ కాగితాన్ని గోడకు తగిలించి వ్యాసం చదివాను. కార్యదర్శి నేరుగా ఆ ఖాళీ మీదే వేలు పెట్టాడు. "ఇక్కడ రాజెవరు?"

"తెలియదు" అన్నాను, వెనక బెంచీ దాకా వినబడేలా. అతను నవ్వాడు. ముసలి ప్రొఫెసరైన అధ్యక్షుడు లేచివచ్చి, ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. "ఇతని వయసులో నేనైతే ఒక పేరు రాసేసేవాణ్ణి. ఇతన్ని చేర్చుకోండి" అన్నాడు. కార్యదర్శి సభ్యుల పుస్తకంలో నా ఊరు చిత్తూరు అని రాశాడు. పుంగనూరు అని దిద్దేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.

తర్వాత నేనూ చరిత్ర పుస్తకాలు రాశాను. ఆధారం లేని చోట ఖాళీ వదిలి, తెలియదని రాశాను. అది నా చేతకానితనమని విమర్శించినవాళ్లున్నారు. వాళ్ల పేర్లన్నీ నాకు గుర్తే. ఆ ఖాళీలను మాత్రం ఒక్కటీ నింపలేదు.