తడిగోనెలో పొద్దుతిరుగుడు గింజలు

మా నాయన అంగడి విత్తనాన్ని నమ్మే మనిషి కాదు. అమ్మ పుట్టిల్లు కుప్పం దగ్గర. పెళ్లయిన కొత్తలో అక్కడినుంచి తెచ్చుకున్న పొద్దుతిరుగుడు విత్తనాన్నే పుంగనూరు పక్కనున్న మా చేలో ఏటేటా వేసి, మంచి పూలు ఏరి మళ్లీ విత్తనానికి దాచేవాడు. కుప్పం వైపు ఆ రకం ఎప్పుడో పోయింది. ఇక మిగిలింది మా ఇంట్లోనే. గింజలకు చేసే సేవలో సగం నాకు చేసుంటే నా బతుకు బాగుపడేదని అమ్మ సాధిస్తే, నవ్వి ఊరుకునేవాడు.

మొన్నటి పంట కోతకొచ్చేసరికి ఆయన గుండెజబ్బుతో మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నాడు. పంట ఎంత వచ్చిందని అడగలేదు. విత్తనం మొలక చూడమని మాత్రం చెప్పి పంపాడు. పూలు కొట్టి గింజలు రాల్చిన వారంలోనే అమ్మా నేనూ, ఆయన చేసినట్టే గోనెపట్టా తడిపి, వంద గింజలు వరుసగా పేర్చి, చుట్టి నీడన పెట్టాం. రోజూ నీళ్లు చిలకరించాం. విప్పి చూస్తే పదో పన్నెండో మొలిచాయి. మిగిలినవి వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇంకో వంద పెట్టాం. అవీ అంతే. అమ్మ ఆ గోనె ముందే కూలబడి ఏడ్చింది.

నాయనకు చెప్పొద్దంది. మనసు కష్టపెట్టే మాటలేవీ ఆయన చెవిన వేయొద్దని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. మదనపల్లెకు పోయి, గింజలన్నీ బాగా మొలిచాయని అమ్మ ఆయనతో చెప్పింది. నేను పక్కన నిలబడి తలూపి, కాఫీ తేవడానికి కిందికి పోయాను. చచ్చిన విత్తనం ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తామని మూటలన్నీ నూనె మిల్లుకు తోలేశాం. కొద్దిరోజులకే నాయన పోయాడు.

మళ్లీ విత్తే కాలానికి ప్యాకెట్లు కొనడానికి పుంగనూరులో విత్తనాల అంగడికి పోయాం. నాయనకు బాగా తెలిసిన అంగడాయన, మీకు ఇంటి విత్తనం ఉండాలే అన్నాడు. జరిగింది చెప్పాను. పూలు కొట్టిన ఎన్నాళ్లకు మొలక చూశారని అడిగాడు. వారంలోనే అన్నాను.

"కొత్త గింజ నిద్దరలో ఉంటాదమ్మా. నెలన్నర దాటినాక సూడాల. మీ నాయనకు తెలుసే."

ప్యాకెట్లు పట్టుకుని బస్టాండుకు నడిచాం. నాకు మా తొందర మీదే ఒళ్లు మండిపోతోంది. తెలిసిన మనిషి కళ్లెదుటే ఉండగా, ఆయన్ను ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది? బంగారంలాంటి విత్తనాన్ని చేజేతులా మిల్లులో పోసుకున్నాం కదా అన్నాను. అమ్మ విత్తనం ఊసే ఎత్తలేదు. బెంచీ మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు కాఫీకి పోయినప్పుడు, అప్పుడే మొలిసినాయా అని అడిగినాడు మీ నాయన. ఊ అంటిని. నా మొగం సూసి, సరేలే అన్నాడు. అబద్ధమని ఆడనే తెలిసిపోయింటాది, జబ్బు సంగతీ ఇట్లే దాస్తాండామనుకోనుంటాడు. దినామూ అడుగుతాండిన మనిషి, ఆ పొద్దు నుంచి ఇంటికి ఎప్పుడు పోదామని నన్ను అడగనే లేదు."