తూము తలుపు మీద నూట ఇరవై టన్నులు

ముందే ఒప్పేసుకుంటాను, నేను కోతలు కోస్తాను. నాలుగు చినుకులు పడితే వరద అంటాను, రెండు తుమ్ములు వస్తే వీలునామా గురించి ఆలోచిస్తాను. కాబట్టి ఇందులో ప్రతిదాన్నీ మీకు తోచినంత తగ్గించి చదువుకోండి. ఆ రోజుల్లో, అంటే అడుగులూ పౌండ్లూ వెళ్లిపోతూ మీటర్లూ కిలోలూ వచ్చిపడుతున్న రోజుల్లో, ఏ కొలతలో కొలిచినా తగ్గకుండా దొరికేది భయం ఒక్కటే. నాకు ఇరవై ఏళ్లు. పాలిటెక్నిక్ గడప దాటి, జహీరాబాదులో చెరువుల మరమ్మతులు చూసే సూపర్‌వైజర్‌గా చేరి నెల కూడా కాలేదు. మా ఇంజనీరు సాబ్ (ఆయన దగ్గితే ఆఫీసులో ఫైళ్లు వాటంతటవే సర్దుకునేవి) ఒక పొద్దున నన్ను పిలిచి, "ఝరాసంగం దిక్కు చెరువు నిండింది. తూము తలుపు మీద నీళ్ల జోరు ఎంత పడుతున్నదో లెక్క కట్టి తే. అంతా మీటర్లల్లనే ఉండాలె, సమజైందా?" అన్నారు. సమజైందన్నాను. ఆయన ముందు సమజు కానిదేముంది?

తలుపు నీళ్లలో మునిగి ఉంది, నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. పాత కాగితంలో వెడల్పు మూడు, ఎత్తు నాలుగు అని ఉంది. నీటిమట్టం చూసే రాయి మీద అంకెలు చూసి, తలుపు పైఅంచు ఎనిమిది లోతున, కిందిఅంచు పన్నెండు లోతున ఉందని రాసుకున్నాను. అన్నిటి పక్కనా హుకుం ప్రకారం 'మీ' అని చేర్చాను. ఇక కట్ట మీద కూర్చుని ఇంటిగ్రేషన్ మొదలుపెట్టాను. లోతు పెరిగేకొద్దీ నీళ్ల ఒత్తిడి పెరుగుతుంది కనుక తలుపు మొత్తానికి ఒకే లెక్క కుదరదు. దాన్ని అడ్డంగా వెంట్రుకంత సన్నని పట్టీలుగా కోసినట్టు ఊహించుకుని, ఒక్కో పట్టీ వైశాల్యాన్ని దాని లోతుతోనూ నీటి బరువుతోనూ గుణించి, ఎనిమిది నుంచి పన్నెండు దాకా అన్నిటినీ కూడాలి. కూడేశాను. లక్షా ఇరవై వేల కిలోలు! మళ్లీ చేశాను. అంతే. మూడోసారీ అంతే. నూట ఇరవై టన్నులు, ఒక టేకు తలుపు మీద! అప్పుడు గుర్తొచ్చింది, ఆ తలుపు వెనకాల, కట్ట కింది సొరంగంలో మా మేస్త్రీ చాచా పొద్దుటి నుంచీ ఒండ్రుమట్టి తీస్తున్నాడు.

కట్ట అవతలికి ఎలా దిగానో నాకు తెలియదు (జారాననే సాక్షులు చెబుతారు). "చాచా! బయటికి రా! తలుపు పగుల్తది!" అని సొరంగం నోట్లోకి అరిచాను. లోపల్నించి తాపీగా, "ఎందుకు సాబ్ గట్ల ఒర్రుతున్నవ్? ఇంకో నాలుగు తట్టలే ఉన్నయ్," అని జవాబు. ఇక లాభం లేదని, కాగితం పళ్ల మధ్య కరుచుకుని మోకాళ్ల మీద లోపలికి పాకాను. చీకటి. మెడ మీద చల్లగా చుక్కలు. ఎదురుగా తలుపు అంచు నుంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి. నా గుండె చప్పుడుకే ఆ తలుపు ఊడుతుందేమోనని ఊపిరి బిగబట్టాను.

"నూట ఇరవై టన్నులు చాచా. పన్నెండు లారీల బరువు!"

"గా తలుపు మీదనా? నాలుగు దినాల సంది చెరువు నిండుగనే ఉంది గదా. దానికి నీ లెక్క ఇంకా అందలేదేమో."

"నవ్వకు చాచా. పన్నెండు మీటర్ల లోతు!"

పార కింద పెట్టాడు. "మీటరంటే గజం కంటే జర ఎక్కువ గదా బేటా? ఈ కట్టనే ఆరు గజాలు లేదు. పన్నెండు గజాల నీళ్లు ఏడ నిలవడ్డయ్, మొగులు మీదనా? గా రాయి మా అబ్బాజాన్ పాతింది. అడుగులు చెక్కిండు."

అడుగులు. అన్నీ అడుగులే. అక్కడికక్కడే మళ్లీ కూడితే మూడున్నర టన్నుల లోపు తేలింది. ఆ టేకు పలకలు ఆవులిస్తూ మోసే బరువు. నా జీవితంలో ఒక విషయాన్ని ముప్పై అయిదు రెట్లు పెంచింది ఆ ఒక్కసారే, అదీ తెలియకుండా.

ఇక ఇందులో ఏది అబద్ధమో చెప్పాలి. నేను లోపలికి పాకలేదు. మాటలన్నీ నిజం, చోటు నిజం కాదు. సొరంగం నోటి దగ్గర నిలబడి అరిచాను, లోపలికి ఒక్క అడుగు కూడా వేయలేదు. చాచాయే బీడీ ముట్టించుకోవడానికి బయటికి వచ్చి ఆ కాగితం చూశాడు. సాయంత్రం ఇంజనీరు సాబ్ వచ్చి, పని ఎందుకు ఆగిందని గర్జిస్తే, నేను నోరు తెరిచేలోగా చాచా అందుకున్నాడు. "తలుపు కారుతున్నదని కొత్త సాబ్ జాన్‌కు తెగించి లోపలికొచ్చిండు సాబ్, నన్ను గుంజుకొచ్చిండు." ఇంజనీరు సాబ్ నా భుజం తట్టారు. నేను కాదనలేదు. అప్పటి నుంచి ఈ కథ చెప్పినప్పుడల్లా పాకుతూనే ఉన్నాను, సొరంగం ఏటా కొంచెం పొడుగవుతోంది. ఇప్పుడు నాకు చాచా అప్పటి వయసు దగ్గరపడింది. ఇప్పుడైతే తప్పకుండా లోపలికి వెళ్లేవాణ్ణి అనుకుంటాను. అనుకుని, నా మోకాళ్లకేసి చూసుకుని, నవ్వుకుంటాను.