పడ్డదా? నూకిన్రా?

చిట్యాల బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన వార్తాపత్రిక ముక్క నూనె పీల్చుకుంటూ పలచబడుతుంటే, దాని మీది అక్షరాలు నల్లగా తేలాయి. "వచ్చే ఏడాది వృద్ధి పుంజుకుంటుందని నిపుణుల అంచనా." వాము ఘాటు, కాగిన నూనె వాసన, వాటి మధ్య ఈ వాక్యం. ఏ నిపుణులో లేదు, ఎవరి వృద్ధో లేదు. నా చేయి తనంతట తానే సంచిలో పెన్ను కోసం వెతికింది. "బజ్జీలు తింటవా, దిద్దుతవా?" అని మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ వాక్యం సుగుణక్క కంటబడి ఉంటే బజ్జీలు చల్లారేదాకా దాన్ని వదిలేది కాదు.

సుగుణక్క గురించి మా నల్లగొండలో ఒక కథ చెప్పుకుంటారు. సర్కారు సభ మీదికి గొర్రెల మందను తోలించి, అధికారులను పరుగెత్తించి, కంపెనీని జిల్లా దాటించిన వీరవనిత అని. పోయినేడు ఆమె సంతాప సభలో వక్తలంతా పోటీలు పడి మరీ చెప్పారు. ఒకాయనైతే గొర్రెలు అరిచిన తీరు కూడా అరిచి చూపించాడు. నేను లేచి "అబద్ధం" అన్నాను. సంతాప సభల్లో అట్లా అనకూడదట. ఎందుకనకూడదు? అక్క గొర్రెలను తోలించలేదు. కంపెనీని తరమనూ లేదు. బతికినన్నాళ్ళూ ఇతరుల వాక్యాల్లో అబద్ధం వెతికిన మనిషికి, చచ్చాక అబద్ధాన్నే దండగా వేస్తే ఊరుకోవడం నా వల్ల కాదు. ఆమెను ఎన్నడూ చూడని వాళ్ళకు ఆ కథ చేరకముందే జరిగింది రాసిపెడుతున్నాను.

సుగుణక్క అర్థశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. పుట్టింది నేత కుటుంబంలో. ఎర్రజెండా మనిషి, ఆ సంగతి దాచుకున్నదీ లేదు, దాన్ని అడ్డం పెట్టుకొని బతికిందీ లేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక దర్జీ దుకాణం మీది గదిలో వారపత్రిక పెట్టింది. అప్పటికి నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, యాజమాన్యంతో కొట్లాడి బయటికొచ్చి ఉన్నాను. పని అడగడానికి మెట్లెక్కి వెళ్తే, కింద కుట్టుమిషన్ల చప్పుడు కాళ్ళలోకి ఎక్కుతుండగా, ఆమె ఒక పెద్ద పత్రిక నా ముందుకు తోసింది. "నేత రంగం సంక్షోభంలో పడింది" అన్న శీర్షిక చూపించి తప్పు పట్టమంది. నేను ఒత్తులు, దీర్ఘాలు వెతికాను.

"తప్పేం లేదు మేడం."

"మేడం గీడం వద్దు, అక్కా అను. తప్పు లేదా? సంక్షోభంల పడ్డదట. పడ్డదా? నూకిన్రా?"

"వార్తలు గట్లనే రాస్తరు గదక్కా."

"గందుకే అడుగుతున్న. నూలు ధర పెంచినోడు ఉన్నడు. మన చీర బొమ్మను మిల్లుల అచ్చేసి అమ్మినోడు ఉన్నడు. వానికి వత్తాసు పలికిన సర్కారున్నది. గిందరిని ఒక్క 'పడింది' కింద దాసిపెట్టిండు. ఎంత పనిమంతుడో సూడు!"

ఆ 'పడ్డదా, నూకిన్రా' మాట ఆమెకు వాళ్ళ నాన్న మగ్గం గుంటలో కూర్చొని నేర్పాడని కూడా సభలో ఎవరో అన్నారు. వినడానికి బాగుంటుంది. అక్కే ఒకసారి ఆ ముచ్చట విని పగలబడి నవ్వింది. "మా బాపుకు పేపరంటే సినిమా బొమ్మలే. మిగిలింది పొయ్యిలకు." ఆ ప్రశ్న ఆమె సొంతం. క్లాసులో పుస్తకాల వాక్యాలు ఏళ్ళ తరబడి చదివి చదివి, వాటి మీద కోపంతో తయారు చేసుకున్నది.

మా పత్రికకు అదే చట్టమైంది. ధరలు పెరిగాయి అని రాయకూడదు, ఎవరు పెంచారో రాయాలి. బడి మూతపడింది అనకూడదు, ఎవరు మూశారో కనుక్కోవాలి. కనుక్కోలేకపోతే, "ఎవరు మూశారో అడిగాం, చెప్పలేదు" అని రాయాలి. నేను ఊరికే ఒప్పుకొనే రకం కాదు కాబట్టి వాదనకు దిగాను. "మరి కరువో? వానను ఎవరాపిన్రు, చెప్పు" అన్నాను. అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వాన పడకుంటే ఎండ. తిండి దొరకకుంటే కరువు. గోదాము తాళం ఎవని మొలకున్నదో రాయి, వానను ఇడిశిపెట్టు" అంది. ఆ రోజు నేను ఓడిపోయాను. కానీ అన్ని రోజులూ ఓడలేదు; ఆమె నన్ను ఉంచుకున్నది అందుకేనేమో.

పొద్దున్నే పెద్ద పత్రికలన్నీ ముందేసుకొని గట్టిగా చదవడం ఆమె అలవాటు. ఆర్థిక అంచనాల దగ్గరికి రాగానే గొంతు మారేది, చిలక జోస్యం చెప్పేవాడిలా సాగదీసేది. "అంచనా తప్పితే నష్టపోనోడు చెప్పిన అంచనాను నమ్మకు పిల్లా. రైతు అంచనా తప్పితే ఆలి పుస్తె కుదువకు పోతది. గీ నిపుణుని అంచనా తప్పితే వచ్చే నెల ఇంకో అంచనా చెప్తడు." మీ పత్రిక మాత్రం నిష్పాక్షికమా అని ఒక విలేకరి అడిగితే, "కాదు. మాది ఏ పక్షమో మొదటి పేజీ మీదనే రాసుకున్నం. మీది ఏ పక్షమో ఆఖరి పేజీల ప్లాట్ల ప్రకటన చూస్తె తెలుస్తది" అంది.

ఈ కత్తి పరాయివాళ్ళ మీదికే లేచేదనుకుంటే పొరపాటు. ఎన్నికల్లో ఓడిన తరువాత మా వైపు నాయకుడొకాయన వ్యాసం పట్టుకొచ్చాడు. "ఓటమి ఎదురైంది. ప్రజలు మభ్యపడ్డారు" అని మొదలవుతుంది. అక్క ఆ రెండు వాక్యాలూ కొట్టేసింది. ఆయనకు ముఖం ఎర్రబడింది.

"ఇది మన పేపరేనా సుగుణమ్మా?"

"మన పేపరే గదా అన్నా, గందుకే దిద్దుతున్న. ఓటమి దారిల ఎదురైందా, బస్సెక్కి వచ్చిందా? ఊర్లకు ఎవరు పోలేదో రాయి. నేను పోలేదని రాసినా సరే."

ఆయన వ్యాసం మడిచి జేబులో పెట్టుకొని పోయాడు. ఆయనతో పాటు పత్రిక కొనేవాళ్ళు కొందరు పోయారు. ఇంత మొండితనం పనికిరాదని నేనన్నాను, ఇప్పటికీ అంటాను. ఇంకొంచెం మెత్తగా చెప్పి ఉంటే ఆ మనిషి మాతోనే ఉండేవాడు. కానీ ఆ వాక్యాలు దిద్దకుండా వేయమంటే మాత్రం నేనూ వేయను.

ఇక గొర్రెల సంగతి. దేవరకొండ దాటి అచ్చంపేట వైపు పోయే దారిలో, గుట్టల నడుమ ఒక ఊరుంది. అక్కడి మేత భూముల్లో పరిశ్రమలు వస్తాయని ప్రకటన వచ్చింది. పెద్ద పత్రికలన్నీ ఒకే మాట రాశాయి: ఖాళీ భూములకు మహర్దశ, ప్రాంతం రూపురేఖలు మారతాయని నిపుణుల అంచనా. మేం వెళ్ళేసరికి, గొర్రెలు కాసుకొని బతికే బాలమ్మ ఇంటి ముందు అరుగు మీద ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. బాలమ్మ నా ఈడుదే, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినపడేది.

"ఖాళీ అని రాసిన్రటగా అక్కా పేపర్ల. మరి మా గొర్లు గిన్నేండ్ల సంది గాలి మేస్తున్నయా?" అంది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. ఆ నేల పోతే మందను అమ్ముకోవడం తప్ప ఆమెకు ఇంకో దారి లేదు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళది అదే పరిస్థితి.

ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా వేశారు. వేసినవాళ్ళు చదునుగా ఉన్న జాగా చూసుకొని వేశారు. అది మందలు సాయంత్రం ఇంటికొచ్చే బాట అని వాళ్ళకు తెలియదు, ఖాళీ అనే నమ్మకం అంత గట్టిది. అధికారి కాగితం చూసి చదివాడు: "స్థానికులకు ఉపాధి కల్పించబడుతుంది." అక్క లేచి "ఎవరు కల్పిస్తరు? ఎవరికి?" అని అడిగింది. ఆమె మైకు లాక్కొని ఉపన్యసించిందని కథలో ఉంది. లేదు. మీరు ఈ ఊరి వారు కారు, కూర్చోండి అన్నాడాయన, ఆమె కూర్చుంది. కూర్చొని, పక్కనున్న బాలమ్మ మోచేయి పొడిచింది. "నన్ను కూసోపెట్టిండు. నిన్ను కూసోపెట్టలేడు. అడుగు."

బాలమ్మ లేచింది. "సారూ, మా గొర్లను ఏడ మేపాలె?"

"ప్రత్యామ్నాయం చూడబడుతుందమ్మా."

"ఎవరు చూస్తరు? నువ్వా? రేపు నీకు బదిలైతే?"

ఆయన కాగితం తిప్పుతుండగానే పొద్దు వాలింది, మందలు గుట్ట దిగి తమ బాటన తాము వచ్చాయి. ముందు గంటల చప్పుడు, తరువాత దుమ్ము, తరువాత కుర్చీల మధ్య ఎటు చూసినా గొర్రెలే. ఒక పొట్టేలు అధికారుల బల్ల మీది పూలగుత్తి నెమ్మదిగా నమిలింది. పోలీసులు లాఠీలు పట్టుకొని ఎవర్ని కొట్టాలో తెలియక నిలబడ్డారు. "సభ వాయిదా పడింది" అని ఎవరో మైకులో అరిచారు.

మర్నాడు పెద్ద పత్రికలు అదే వాక్యం వేశాయి. మా గదిలో నేను అక్క మొహం చూశాను. "వాయిదా పడ్డదట అక్కా. పడ్డదా? నూకిన్రా?" "ఈసారి నూకింది గొర్లే. రాయి" అంది. "సభను వాయిదా వేసిన గొర్రెలు" అని శీర్షిక పెట్టాం. జిల్లా అంతా నవ్వుకుంది. ఆ నవ్వులోంచే ఈ వీరగాథ పుట్టింది.

కానీ అక్కకు ఒక సందేహం మిగిలిపోయింది. తరువాతి వారం మళ్ళీ ఊరికి పోయి బాలమ్మను అడిగింది. "నిజం చెప్పు. గొర్లు వచ్చినయా, తోలినవా?"

"వచ్చినయ్ అక్కా. ఒక్క కూతేస్తె ఎనక్కు మర్లిపోతుండె. నేను మర్లెయ్యలే."

తిరుగు బస్సు దేవరకొండ దాటింది. అక్క కిటికీలోంచి చూస్తూనే, "గిన్ని దినాలు సగమే అడిగినం పిల్లా" అంది. పడ్డదా, నూకిన్రా అని రెండే అడిగాం. పడుతుంటే చూసి, ఆపగలిగీ ఆపనివాళ్ళను అడగలేదు. బాలమ్మ తన నేల కోసం ఊరుకుంది, ఆ ఊరుకోవడం కూడా ఒక పనే. మరి పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఊరుకోవడం? ఖాళీ అన్న మాట అబద్ధమని తెలిసీ దిద్దకుండా అచ్చేసిన సంపాదకుల ఊరుకోవడం? అప్పటి నుంచి ప్రతి వార్త కింద మేం మూడో ప్రశ్న కూడా వేసుకున్నాం. ఆ ప్రశ్నకు జవాబులు దొరకడం ఇంకా కష్టం; పేర్లు రాస్తే నోటీసులు కూడా ఎక్కువ వస్తాయి.

కథలో చెప్పనిది ఇది. వాయిదా వేసిన సభను తరువాత ఊళ్ళో పెట్టలేదు, మండల కేంద్రంలో తలుపులు వేసిన హాల్లో పెట్టారు. అభిప్రాయం సేకరించబడింది. మేత నేలలో ఎక్కువ భాగం చుట్టూ ఇనుప కంచె లేచింది. కంపెనీ మాత్రం రాలేదు. అంతర్జాతీయ పరిస్థితుల వల్ల అంచనాలు తారుమారయ్యాయని లోపలి పేజీలో చిన్న వార్త వేశారు. బాలమ్మ సగం మందను అమ్మింది. మిగిలినవాటిని కంచె చుట్టూ తిప్పుకొని, అడవి అంచు దాకా తోలుకుపోతోంది. దీన్ని గెలుపని చప్పట్లు కొట్టిన వాళ్ళను నేనెట్లా క్షమించాలి?

అక్కను చివరిసారి చూసింది హైదరాబాదు దవాఖానలో. మాట బలహీనపడింది కానీ తిక్క తగ్గలేదు. "కంచె ఉన్నదా?" అని అడిగింది. ఉన్నదన్నాను. "నేను పోయినంక నా మీద ప్రత్యేక సంచిక గిట్ల తీసేవు. తియ్యకు. కంచె మీద తియ్యి." తీశాను. మళ్ళీ తీస్తాను.

ఇప్పుడా పత్రిక నా చేతిలో ఉంది, పేజీలు తగ్గాయి, పొగరు తగ్గలేదు. ఆమె ఇచ్చిన జబ్బు ఇంట్లోనూ వదల్లేదు. మా ఆయన వంటింట్లోంచి "అన్నం మాడింది" అంటే "మాడిందా, మాడ్చినవా?" అంటాను. "వాసన వస్తుంటే నువ్వు పక్కన్నే ఉన్నవు గదా" అంటాడు. ఆయనకూ మూడో ప్రశ్న పట్టుబడింది. మొన్న కలెక్టరు కార్యాలయానికి పోతే, అదే నేల మీద ఈసారి కొత్త నగరం వస్తుందని అంచనా అన్నారు. రంగుల పటం కూడా చూపించారు. బాలమ్మ నాతోనే ఉంది. పటం మీద ఆకుపచ్చగా ఉన్న చోట వేలు పెట్టి, "గీడ గడ్డి ఉంటదా?" అంది. విషయం పరిశీలనలో ఉందన్నారు. మేం లేవలేదు. పరిశీలిస్తున్న మనిషి పేరు చెప్పేదాకా కదిలేది లేదన్నాం. చెప్పలేదు, మళ్ళీ సోమవారం వెళ్తున్నాం. కంపెనీ రాకపోవడానికి అంతర్జాతీయ పరిస్థితులట, సరే, వాదించను. ఒక్క సంతకంతో ఆ కంచెను తీయించగలిగీ ఇన్నేళ్ళుగా తీయించని మనిషి ఎవరు?