సినిమాలో తీసేసిన తిట్లు

తిమ్మప్పయ్య పాట ఎత్తుకుంటే రాజులు గెంతేవారు, రాక్షసులు చెమటలు కక్కేవారు. కుందాపుర చుట్టుపక్కల యక్షగానం ఆడే మేళాల్లో ఆయనంత పొగరుబోతు భాగవతుడు ఇంకొకడు లేడు. రంగస్థలంలోనే వెనక వైపు బల్ల మీద కూర్చుని, చేతిలో తాళాలతో ఆటంతా నడిపేవాడు. ఏ వేషగాడైనా అడుగు తప్పాడో, అదే పాట మళ్ళీ ఎత్తుకునేవాడు, వేగం పెంచి మరీ. వాడు రొప్పుతూ కళ్ళతో దండం పెడితే గానీ వదిలేవాడు కాదు.

పసితనంలో జ్వరం వచ్చి ఆయన రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. ఇంట్లో చేతుల మీద దేకుతూ చకచకా తిరిగేవాడు. ఆటకి మాత్రం హాస్యగాడు శీన వీపు ఎక్కేవాడు. వేషాలు కట్టుకునే చౌకి నుంచి రంగస్థలం దాకా ఇద్దరూ తిట్టుకుంటూనే వచ్చేవారు.

"పొద్దున బంగుడె చేపలు ఎన్ని మింగావయ్యా? నడుం విరుగుతోంది."

"నోరు మూసుకుని నడు. గాడిదకి మాటలెందుకు?"

ఆటలోనూ అదే వరస. హాస్యగాడు భాగవతుడితో అప్పటికప్పుడు మాటలు కల్పించుకోవాలి, అది అక్కడి పద్ధతి. "భాగవతా, ఓసారి నువ్వు లేచి ఆడు, నేను కూర్చుని పాడతా" అని శీన అంటే, "నేను ఆడితే నీకు కూడు పుట్టదురా, నీ పెళ్ళాం మొహం చూసి ఊరుకున్నా" అనేవాడు ఈయన. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

బెంగళూరు నుంచి మేఘన అనే అమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చింది, ఆయన మీద డాక్యుమెంటరీ తీస్తానని. మంచి పిల్ల. తిమ్మప్పయ్య భార్య గిరిజ పోసిన గంజి వద్దనకుండా తాగింది. "పెరట్లో ఇంకొక్కసారి రండి సార్, కొంచెం మెల్లగా" అని అడిగింది.

"మెల్లగా వస్తే నా కాఫీ చల్లారిపోతుందమ్మా" అన్నాడాయన. అయినా పాపం అడిగింది కదా అని మెల్లగానే దేకాడు.

కొన్నాళ్ళకి ఊరి బడిలో తెర కట్టి ఆ సినిమా వేశారు. తెర మీద ఒక ముసలాయన మట్టిలో మెల్లగా, మెల్లగా దేకుతున్నాడు. తర్వాత శీన ఆయన్ని మోసుకొస్తున్నాడు. ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి గానీ మాటల్లేవు, తిట్లు లేవు. వేణువు ఒకటే ఏడుస్తోంది. పాట రెండు ముక్కలు వినిపించి ఆపేశారు. ఊరంతా ముక్కులు చీదింది. తెర మీదున్నది ఎవరో పాపం అని తిమ్మప్పయ్యకే ఒక్క క్షణం జాలేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

ఆ పిల్లది చెడ్డ మనసని ఎవరూ అనలేరు. ఆ మంచి మనసే కొంప ముంచింది.

మర్నాటి నుంచి శీన ఆయన్ని ఉత్సవ విగ్రహంలా మోయడం మొదలుపెట్టాడు. ఒక్క తిట్టు లేదు. ఆయన ఎంత వేగంగా పాడినా వేషగాళ్ళు కిక్కురుమనడం లేదు. వీరరసం పాడుతుంటే ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది. చివరికి మేళం యజమాని శెట్టి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని కష్టపెట్టాం. వచ్చే ఏడు నుంచి ఆట మొదట్లో గణపతి పాట ఒక్కటి పాడండి, చాలు. మిగతా ఆట కొత్త భాగవతుడు చూసుకుంటాడు."

గొంతు పోయిందంటే తిమ్మప్పయ్య తగువు పెట్టుకునేవాడే. జాలిపడే మనిషితో ఏమని తగువు పడతాడు? ఇంటికొచ్చి గిరిజ దగ్గర వెళ్ళబోసుకున్నాడు.

"కాళ్ళు పోయినప్పుడు నాకు ఊహ తెలీదే. ఇప్పుడు తెలిసి తెలిసీ పీట లాగేస్తున్నారు."

"నా మీదైతే ఇంత నోరు లేస్తుందే! అక్కడేమైంది?" అంది గిరిజ.

తర్వాతి ఆటలో శీన దూత వేషంతో వచ్చాడు. యుద్ధం వచ్చిందని రాజుకి కబురు చెప్పాలి.

"భాగవతులవారికి నమస్కారం. కూర్చోవడానికి ఇబ్బందేం లేదు గదా?" అన్నాడు మెత్తగా.

తిమ్మప్పయ్య తాళాలు ఒళ్ళో పెట్టేశాడు. చెండె డోలు ఆగింది, మద్దెల ఆగింది. పాట లేనిదే దూత లోపలికి పోలేడు, రాజు బయటికి రాలేడు.

"పాట ఎత్తుకోండి, రాజుగారు ఎదురుచూస్తున్నారు" అని గొణిగాడు శీన.

"చూడనీ. నా కాళ్ళు పడిపోయాయని లోకమంతా తెలుసు. నీ నాలుక ఎప్పుడు పడిపోయిందిరా? నాతో మాట మాత్రమైనా చెప్పలేదే!"

శీన పెదాలు వణికాయి. తిమ్మప్పయ్య వాడి మొహమే చూస్తున్నాడు. వీడు ఇక్కడ ఏడిచాడా, తన పని అయిపోయినట్టే.

"నాకేం తెలుసయ్యా?" శీన చేతులు తిప్పాడు. "ఆ సినిమాలో ఇంత నోరు తెరిచి నిన్ను తిడుతున్నా చప్పుడే రాలేదు. ఊరంతా చూసింది. అప్పట్నుంచీ నేను మూగవాణ్ణనే అనుకుంటున్నా!"

నవ్వు ఎక్కడ మొదలైందో తెలీదు, ఆవరణంతా దద్దరిల్లింది. మొన్న కళ్ళొత్తుకున్నావిడ కూడా నవ్వింది.

"ఒరే మూగాడా, కాళ్ళైనా ఉన్నాయా?" అంటూ తిమ్మప్పయ్య తాళం అందుకున్నాడు. శీన గెంతి గెంతి వగరుస్తూ, "చంపేస్తున్నాడు బాబోయ్! శెట్టిగారూ, ఆ కొత్త భాగవతుణ్ణే పిలిపించండి!" అని కేకలు పెట్టాడు.

శెట్టి నవ్వు ఆపుకోలేక, పిలిపించనన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. తిమ్మప్పయ్య సూటిగా ఆయన్నే చూస్తూ వేగం ఇంకాస్త పెంచాడు.