అత్త తవ్విన చెలమ

మా మేనత్త పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్ను మూసింది. నేను తులసికి నీళ్ళు పోస్తూ ఉంటే తమ్ముడు వచ్చి, "అక్కా, అత్త మనకు లేదు" అన్నాడు. ఉన్న నీళ్ళు పోసేసి, దణ్ణం పెట్టుకుని వాడి వెంట నడిచినాను. అత్త ముఖం చూడగానే నాకు ఏడుపు రాలేదు. పులికాట్ సరస్సులోని ఇరకం దీవి గుర్తొచ్చింది.

చిన్నతనంలోనే భర్త పోయి, తిరుపతిలో మా ఇంటికి వచ్చి మమ్మల్ని పెంచిన మనిషి. తాను తోడుకున్న నీళ్ళు తప్ప ఇంకొకరి చేతి నీళ్ళు తాగేది కాదు. ఊరు కదిలితే ఇత్తడి మరచెంబు వెంట ఉండాల్సిందే. అయినా మడి పేరు చెప్పి మమ్మల్ని కసిరింది లేదు. "నా మడి నాకే బరువు గాదు, మీకెందుకు బరువు?" అనేది.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో తమ్ముడికి సూళ్ళూరుపేటలో ఉద్యోగం. మార్గశిరంలో పులికాట్ సరస్సుకు పక్షులు వస్తాయి, చూసిపోదువు రమ్మని అత్తతో ఒకటే పోరు.

"పక్షుల్ని చూసేదానికి అంత దూరమారా? మన గోడ మీద కాకులు లేవా?"

"కాకులు రోజా రంగులో ఉంటాయా అత్తా?"

దాంతో నన్ను తోడు తీసుకుని బయలుదేరింది.

ఇరకం పోయే పడవలో మరచెంబు మూత తిప్పి తాగబోతుండగా పడవ ఒరిగింది. నీళ్ళన్నీ ఒలికిపోయినాయి. దీవిలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, అన్నీ ఉప్పువే. పక్షులుండేది అవతలి ఒడ్డున. అంత దూరం ఇసకలో దాహంతో నడిచే ఓపిక అత్తకు లేదు. నీళ్ళు తాగకపోతే వచ్చిన పడవలోనే వెనక్కి పోవాలి. తమ్ముడి ముఖం చిన్నబోయింది.

వల బాగు చేసుకుంటున్న ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చింది. అత్త చేతులు జోడించింది. "దాహం లేదమ్మా."

"దాహం లేకనా పెదాలు తడుపుకుంటా ఉండావు?" ఆమె నవ్వింది. సంగతి తెలిసిపోయినట్టుంది. "నా చెంబు వద్దులే అవ్వా. ఈడ ఇసక నువ్వే తవ్వుకో. మోచేయి లోతులో తియ్యటి నీళ్ళు ఉండాయి."

అత్త చీర ఎగ్గట్టి కూర్చుని రెండు చేతులా తవ్వింది. ఊరిన నీళ్ళు తేరేదాకా ఆగి, "గోవిందా" అని దోసిలి పట్టి తాగింది. "కపిలతీర్థం నీళ్ళ కంటే తీపిగా ఉండాయే! నువ్వూ తాగమ్మా."

"నేను చెయ్యి పెడితే మళ్ళీ నువ్వు తాగవు గదా?"

అత్త ఆ చెలమ వంక కాసేపు చూసింది. "పెట్టు" అంది.

ఆమె తాగినాక, అదే చెలమలో అత్త మళ్ళీ దోసిలి ముంచింది. తమ్ముడు నన్ను గిల్లినాడు.

అవతలి ఒడ్డున రోజా రంగు రాజహంసలు బారులు బారులుగా నిలబడి, తలలు తిరగేసి నీళ్ళలో మేస్తున్నాయి. "నువ్వూ చిన్నప్పుడు ఇట్లే గదరా, తల కంచంలో పెట్టి తినేది!" అని అత్త పొంగిపోయింది. ఆ తర్వాత ఏ శీతాకాలమూ పక్షుల కోసం రావడం మానలేదు. దగ్గర్లోని నేలపట్టు చెరువులో సంచి ముక్కు గూడబాతులు పిల్లలకు మేత పెట్టడం చూస్తూ పూటంతా నిలబడేది.

దీవికి పోయిన ఆ మొదటి రోజు సాయంత్రం పడవవాడు కేకేసినాడు. అత్త కదల్లేదు. "పొద్దున్నే అవి ఒక్కసారిగా లేస్తాయంట. చెలమ చూపించినామె ఇంట్లో ఉండి చూసిపోదాం."

"మరి తిండి ఎట్లా అత్తా?" అన్నాడు తమ్ముడు.

"ఆమే వండుతుంది. చేప తగలకుండా అని మాట తీసుకున్నాలే."

ముగ్గురం ఉండిపోయినాం. పడవ ఖాళీగా కదిలింది. అత్త మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పొమ్మని పడవవాడికి చెయ్యి ఊపుతూ ఉంది.