దోమకీ తెగులుకీ ఒకే డ్రమ్ము

తాడేపల్లిగూడెంలో మాదొక చిన్న ల్యాబు. నూకలు ఉడకబెట్టి, వాటి మీద తెల్లబూజు పెంచి, ఆరబెట్టి, పొడి చేసి, పురుగుమందుకి బదులుగా చల్లుకోడానికి ప్యాకెట్లలో నింపి రైతులకి అమ్ముతాం. పచ్చళ్ళకి బూజు పడితే ఇల్లెక్కి అరిచేదానివల్లా బూజు పెంచి బతుకుతున్నావే అని మా అమ్మ వేళాకోళం చేసేది. నిజానికి పెంచడం కంటే దాని గురించి చెప్పడమంటేనే నాకు సరదా. మైకు చేతికొస్తే ఒక పట్టాన వదలను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఏ మైకులోనూ చెప్పలేదు, సిగ్గేసి.

ఏలూరు దాటి కొల్లేరు వైపు వెళ్తే వరిచేలూ చేపల చెరువులూ గట్టు పంచుకుని ఉంటాయి. అక్కడొక ఊళ్ళో, పాలకేంద్రం వరండాలో రైతులకి మీటింగు పెట్టాం. ముందు వరసలో అరవై దాటిన కౌలు రైతు ఒకాయన కూర్చున్నారు. ఆయన చేనుకి సుడిదోమ పట్టింది, వరి దుబ్బుల్లో చేరి రసం పీల్చేసే పురుగు. పురుగుమందు కొడితే ఆ నీళ్ళు బోదె కాలవలోంచి పక్క చెరువులోకి దిగి చేపలు చస్తాయని చెరువువాళ్ళ గొడవ. కొట్టకపోతే పంట దక్కదు. ఈసారీ పంట పోతే చేను చెరువు తవ్వకానికి ఇచ్చేస్తానని పొలం సొంతదారు, ఆసామి, తెగేసి చెప్పాడట.

"మీ బూజుతో చేపలకేం అవదు కదండీ?" అని అడిగారాయన.

అంతే, నేను రెచ్చిపోయాను. "ఏమీ అవదండి. ఇది దోమ నోట్లోకి వెళ్ళాల్సిన పని కూడా లేదు. ఒంటికి అంటుకుంటే చాలు. దోమకి పైన గట్టి తొడుగుంటుంది కదండీ, దాని మీద మొలకెత్తి ఎంజైములని వదులుతుంది. ఒక ఎంజైము పైనున్న మైనంలాంటి పూతని కరిగిస్తుంది, ఇంకొకటి మాంసకృత్తుల్ని, మరొకటి ఆ గట్టి పొరని. నానిన అట్టపెట్టెలా తొడుగు మెత్తబడ్డాక సన్నటి పోగులా లోపలికి దిగి, అక్కడే తిని, అక్కడే పెరుగుతుంది. చచ్చిన దోమ మీద తెల్లటి నూగు మీకే కనిపిస్తుంది."

చప్పట్లు కొట్టారు. ఎవరో "సైంటిస్టు గారు" అన్నారు. కాదని నేను చెప్పలేదు.

ఆటో ఎక్కుతుంటే ఆ పెద్దాయన ప్యాకెట్లు పట్టుకుని వచ్చారు. "మేడం గారండీ, పాముపొడ తెగులు కూడా కనబడుతోందండి. ఆ మందు కూడా ఇదే డ్రమ్ములో కలిపేసి రేపు సాయంత్రం కొట్టేయనాండి? చేను పొట్ట మీదుంది, కంకి బయటికొచ్చే టైము. రెండుసార్లు దిగితే తొక్కుడైపోతుందండి." దోమకీ తెగులుకీ కలిపి ఒకేసారి కొట్టడం మా వైపు అందరికీ అలవాటే.

"కలిపేయండి, ఏం పర్లేదు" అన్నాను. చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

ఏలూరు బస్టాండులో టీ తాగుతుండగా తట్టింది. పాముపొడ తెగులు కూడా ఒక బూజే. దాని మందు బూజుల్ని చంపడానికే చేసింది. డ్రమ్ములో కలిపిన క్షణం నుంచి నా ప్యాకెట్టు ఉత్త పిండి. మొలకే రాకపోతే ఇంక ఎంజైములెక్కడివి?

ఆయన నంబరు నా ఫోనులో ఉంది. మర్నాడు సాయంత్రం దాకా టైముంది. ఒక్క ఫోను చాలు. కానీ ఊరందరి ముందూ అంత గొప్పగా చెప్పి, గంట తిరక్కుండా తప్పు చెప్పానని ఎలా అనడం? ఆ తెగులు మందు ఆయనకి దొరక్కపోవచ్చులే అని సర్ది చెప్పుకున్నాను. మర్నాడంతా ఫోను పక్కనే పెట్టుకుని కూడా చెయ్యలేదు.

కొన్నాళ్ళకి చేను చూడమని కబురొచ్చింది. వెళ్ళి చూస్తే సుడులు సుడులుగా ఎండిపోయింది. గట్టు మీద పదిమందీ చేరి, ముసలాయనకి మందు కొట్టడం చేతకాలేదంటున్నారు.

"మేడం గారు చెప్పినట్టే చేశానండి" అన్నారాయన.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేనేం చేశానంటే, గొంతు సవరించుకుని, "ఎండ తగిలితే ఈ బూజు చచ్చిపోతుందండి. ఎండ పూర్తిగా తగ్గాకే కొట్టారా?" అని అడిగాను.

"పొద్దు వాలాకేనండి. కాస్త వెలుతురైతే ఉందనుకోండి."

"అదేనేమో మరి" అన్నాను.

ఆయన తల వంచుకున్నారు. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా ఆ రెండు ముక్కలకి సరిపోవు.

ఆసామి అన్నంత పనీ చేశాడు. ఆ చేను ఇప్పుడు చెరువు. ఆయన అందులోనే చేపలకి మేత వేసే పనికి కుదిరారు.

మరుసటేడు అదే వరండాలో మళ్ళీ మీటింగు. ఎవరూ అడక్కుండానే ఆయన లేచి, "కిందటేడు నేను తొందరపడి వెలుతురుండగానే కొట్టి చేను పోగొట్టుకున్నానండి. మీరలా చెయ్యకండి" అని అందరికీ చెప్పి కూర్చున్నారు. అంతలో వెనకనుంచి ఒకతను, తెగులు మందు ఇందులో కలపొచ్చా అని అడిగాడు.

"కలపకూడదండి" అన్నాను. "అదీ బూజే, ఇదీ బూజే. ఆ మందు రెండిటినీ చంపేస్తుంది."

ఆయన వైపు చూడకుండా చెప్పాను.

మీటింగయ్యాక ఆయన మెల్లగా నా దగ్గరికొచ్చారు. "అయితే వెలుతురు వల్ల కాదన్నమాటండి."

"కాదండి. కలపమన్నది నేనే. ఆ రోజే తెలిసింది కూడాను. ఫోను చెయ్యలేదు."

తిడతారనుకున్నాను. ఆయన ముఖం తేటపడింది. "ఏవండీ, ఒక్కసారి ఇంటికొచ్చి ఈ మాట మా ఆవిడతో చెబుతారాండి? నా తొందర వల్లే చేను పోయిందని ఏడాదిగా నాతో సరిగా మాట్లాడట్లేదండి. నేను చెబితే నమ్మదండి."

"తప్పకుండా అండీ, ఈసారి వచ్చినప్పుడు" అన్నాను.

ఆ తర్వాత ఆ ఊరి మీటింగులకి వేరేవాళ్ళని పంపిస్తున్నాను.